పరుగులు నల్లోడివి, పెత్తనం తెల్లోడిది

"మావాళ్లు నీ కింద పనిచెయ్యరన్నా" అని యూనియన్ ఎన్నికలప్పుడు నా మొహమ్మీదే అన్నారు. అప్పట్నుంచీ ఫ్రాంక్ వారెల్ నాకు దగ్గరోడయ్యాడు. బార్బడోస్ నల్లబిడ్డ. బంతిని బాదడు, దారి చూపి సాగనంపుతాడు. 1950లో నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండ్ మీద 261 కొట్టాడు. మెరిట్ అంటే ఇంకేం కావాలి? వెస్టిండీస్ కెప్టెన్సీ మాత్రం ఏళ్ల తరబడి తెల్లవాళ్లకే. (1948లో జార్జ్ హెడ్లీకి ఒక్క టెస్టు విదిల్చారు.) మన పల్వంకర్ బాలూదీ అదే కథ, హిందూ జట్టుకి వికెట్లు తీసిపెట్టాడు, కెప్టెన్ కాలేదు.

సి.ఎల్.ఆర్. జేమ్స్ పత్రికలో పోరాడాకే 1960లో ఆస్ట్రేలియా టూరుకి వారెల్‌ని కెప్టెన్ చేశారు. అప్పటికి 36 ఏళ్లు. సిరీస్ 2-1తో పోయింది, అయినా వీడ్కోలుకి మెల్‌బోర్న్ వీధుల్లో జనం పోటెత్తారు. పాత కెప్టెన్ జెర్రీ అలెగ్జాండర్, తెల్లవాడే, వారెల్ కిందే కీపింగ్ చేశాడు. ఆ సిరీస్‌లో జట్టు బ్యాటింగ్ సగటులో అతనే ఫస్ట్.