పాతరలో దీపం

మా స్వగ్రామం కర్నూలు జిల్లాలో ఒక మెట్ట పల్లె. మా బాల్యంలో అక్కడ జొన్నలను పాతరలలో దాచేవారు. గట్టినేలలో మూతి ఇరుకుగా, కడుపు వెడల్పుగా ఉండే గొయ్యి త్రవ్వి, అడుగునా ప్రక్కలా చొప్ప పరచి, గింజలు నింపి, మూతిపై బండ పెట్టి మట్టితో మెత్తేవారు. పంట చేతికి వచ్చిన రోజులలో నేలలోనికి దిగిన గింజ, కరవు రోజులలో పైకి వచ్చి ఇంటిల్లిపాదినీ బ్రతికించేది.

పాతర తెరచిన రోజున మా జేజినాయన ఎవరినీ వెంటనే దిగనిచ్చేవారు కారు. మూత తీసి ఒక పూట గాలి ఆడనిచ్చి, త్రాటికి కట్టిన దీపాన్ని మెల్లగా లోపలికి దించేవారు. దీపం ఆరిపోయినదా, మరొక పూట ఆగవలసినదే. "దీపం బతికితేనే మనిషి బతుకుతాడు" అనేవారు. మూసిన గొయ్యిలో గింజలు ఆమ్లజనిని పీల్చుకొని బొగ్గుపులుసు వాయువును విడుస్తాయని మేము కళాశాలలో చదువుకొన్నది చాలా కాలం తరువాత. అంతకు ముందే, మాకు ఎనిమిదేండ్ల వయస్సున, మా వీధిలో ఒక యువకుడు తొందరపడి దీపం దించకుండా పాతరలోనికి దిగినాడు. పైకి తీసేసరికి ప్రాణం లేదు. ఆనాడు మా వీధిలో ఏ ఇంటా పొయ్యి వెలుగలేదు.

హైడ్రోజన్ ఇంధనాన్ని గురించి వ్రాయబూని ఈ పాతర ప్రస్తావన ఎందుకు తెచ్చినామో పాఠక మిత్రులకు ముందు ముందు బోధపడగలదు.

మేము ఉద్యోగరీత్యా బస్తర్ ప్రాంతంలోని బైలాడిలా కొండలకు వచ్చినది 1994లో. అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం లేదు. 2000లో అది ఏర్పడేవరకు మనమందరము మధ్యప్రదేశ్ వాసులమే. ఎద్దు మూపురం వలె కనిపించే ఈ కొండలలోని ఇనుపరాయి 1968 నుండి రైలుపెట్టెలలో అనంతగిరి కనుమలు దిగి విశాఖపట్నం చేరుతున్నది. ముప్పై సంవత్సరాలుగా ఆ రైళ్ళు వెళ్ళడం చూచి గర్వించడమే గాని, అవి వెళ్ళినచోట ఏమి జరుగుతున్నదో లెక్క చూచుకొన్నవారము కాము.

ఆ లెక్క అడిగినది మా అమ్మాయి. విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతున్నది. గత సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు, ఖనిజంతో వెళ్తున్న రైలును చూపి, "నాన్నా, ఈ ఒక్క రైలు ఎంత బొగ్గుపులుసు వాయువు అవుతుంది?" అని అడిగినది. ఆ రాత్రి భోజనాలైన తరువాత కాగితం, కలం తీసికొని కూర్చున్నాము. రైలులో సుమారు 4000 టన్నుల ఖనిజం అనుకొన్నాము. దానినుండి వచ్చే ఇనుము సుమారు 2500 టన్నులు. బ్లాస్ట్ ఫర్నేస్ పద్ధతిలో టన్ను ఉక్కుకు వెలువడే బొగ్గుపులుసు వాయువు రెండు టన్నులకు తక్కువ కాదు. అనగా ఒక్క రైలుకు 5000 టన్నులు! మా శ్రీమతి ఆ అంకె చూచి, "రోజుకు ఎన్ని రైళ్ళు పోతాయి?" అని మాత్రం అడిగి వంటింటిలోనికి వెళ్ళిపోయినది. మాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఈ వాయువు ఎందుకు పుడుతున్నదో మన సంస్థలోని ఇంజనీర్లకు తెలిసినదే. కుటుంబ సభ్యుల కొరకు వివరిస్తున్నాము. హెమటైట్ అనే మన ఖనిజంలో ఇనుముతో ఆమ్లజని గట్టిగా కలిసి ఉంటుంది. ఆ ఆమ్లజనిని విడదీస్తేనే ఇనుము చేతికి వస్తుంది. కోక్ బొగ్గులోని కర్బనం ఆ పని చేసి, తాను బొగ్గుపులుసు వాయువుగా మారి పొగగొట్టం గుండా వెళ్ళిపోతుంది. అదే పనిని ఉదజని, అనగా హైడ్రోజన్, చేసినచో అది ఆమ్లజనితో కలిసి నీటి ఆవిరి అవుతుంది. పేరులోనే ఉన్నది గదా, నీటిని పుట్టించేది ఉదజని. ఈ పద్ధతిలో ఖనిజం కరగదు. గడ్డ గడ్డగానే ఉండి స్పాంజ్ ఐరన్‌గా మారుతుంది. స్పాంజ్ ఐరన్ మన తెలుగువారికి క్రొత్తది కాదు. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచలో 1980లోనే ఒక కర్మాగారం దానిని తయారు చేసినది. అయితే అక్కడ ఆమ్లజనిని తీసినది బొగ్గే. ఉదజనితో ఆ పని చేసి చూపినవారు స్వీడన్ దేశస్థులు. లూలియో నగరంలో హైబ్రిట్ అనే ప్రయోగ కర్మాగారాన్ని 2020లో ప్రారంభించి, మరుసటి సంవత్సరమే ఉదజనితో తీసిన ఇనుమునుండి ఉక్కు తయారు చేసినారు. అందులో భాగస్వామియైన గనుల సంస్థ కూడ మనవలెనే ప్రభుత్వ సంస్థ కావడం గమనింపదగినది.

మరి ఉదజని ఎక్కడినుండి వస్తుంది? నేడు ప్రపంచంలో వాడుకలో ఉన్నదానిలో అధికభాగం సహజవాయువునుండి, బొగ్గునుండి తీసినదే. సహజవాయువునుండి ఒక కిలో ఉదజని తీస్తే తొమ్మిది, పది కిలోల బొగ్గుపులుసు వాయువు వెంట వస్తుంది. రెండవ మార్గం నీటిని విద్యుత్తుతో విడగొట్టడం. దీనికి కిలోకు 50 యూనిట్లకు పైగా విద్యుత్తు కావాలి. టన్ను ఇనుముకు లెక్కప్రకారం 54 కిలోల ఉదజని పడుతుంది గనుక, సుమారు 2800 యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే కుటుంబానికి అది పదునాలుగు నెలల విద్యుత్తు.

ఇక్కడనే జాగ్రత్త పడవలసి ఉన్నది. ఆ విద్యుత్తును బొగ్గునుండి తీసినచో యూనిట్‌కు ఇంచుమించు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అప్పుడు టన్ను ఇనుముకు అది రెండున్నర టన్నులు దాటుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ కంటె ఇదే ఎక్కువ! గొట్టంనుండి నీటి ఆవిరి వస్తున్నదని మనము సంతోషిస్తూ ఉంటే, పొగ మరొక ఊరిలో లేస్తుంది. కాబట్టి సూర్యరశ్మినుండో, గాలినుండో, జలపాతంనుండో వచ్చిన విద్యుత్తుతో తీసిన ఉదజనినే స్వచ్ఛమైనదని అనవలెను.

మన బస్తర్‌లోనే, జగదల్‌పూర్ సమీపంలోని నగర్‌నార్‌లో, సంవత్సరానికి 30 లక్షల టన్నుల సామర్థ్యం గల ఉక్కు కర్మాగారం ఉన్నది. 2023 ఆగస్టులో అక్కడ ద్రవలోహం పారినది. అది బ్లాస్ట్ ఫర్నేస్ పద్ధతిలో నడిచేది. అంత ఇనుమును ఉదజనితో తీయవలసివస్తే ఏమి కావాలో తండ్రీ కూతుళ్ళము లెక్క వేసినాము. రోజుకు సుమారు 440 టన్నుల ఉదజని. దానికి రోజుకు 4000 టన్నుల శుద్ధజలం. ఆవిరిని చల్లార్చి పట్టుకొంటే ఇందులో చాలా భాగం తిరిగి వస్తుంది. సౌరవిద్యుత్తు సుమారు 5000 మెగావాట్లు. మా కర్నూలు జిల్లాలో 2017లో పూర్తియైన సౌరపార్కు సామర్థ్యం 1000 మెగావాట్లు, విస్తీర్ణం దాదాపు 6000 ఎకరాలు. అటువంటివి ఐదు! బస్తర్‌లో అంత నేల కావాలంటే సాలవృక్షాల అడవిని కొట్టవలసివస్తుంది. అది కూడని పని. ఆ అడవి ఇక్కడి గిరిజనుల ఇల్లు, వాకిలి, అంగడి, గుడి. మెట్టభూములలో పండిన సౌరవిద్యుత్తును తీగలపై ఇక్కడికి తేవచ్చును. కొట్టిన అడవిని ఏ తీగపైనా తిరిగి తేలేము.

మా అమ్మాయి అడిగిన తరువాతి ప్రశ్న, "సూర్యుడు అస్తమించిన తరువాత కొలిమి ఏమి తింటుంది?" అన్నది. మాకు వెంటనే జేజినాయన పాతర జ్ఞాపకం వచ్చినది.

ఉదజని మహా తేలికైన వాయువు. మామూలు పీడనంలో ఒక కిలో ఉంచడానికి పదకొండు ఘనమీటర్లకు పైగా చోటు కావాలి. అందుచేత దానిని అణచి, పెద్దమొత్తంలో దాచాలంటే భూగర్భమే అనుకూలం. ఇంగ్లండులోని టీస్‌సైడ్‌లో 1972 నుండి ఉప్పుపొరలలో తొలిచిన గుహలలో ఉదజనిని దాస్తున్నారు. ఉప్పు వాయువును జారనీయదు. మన బస్తర్ అడుగున ఉప్పు లేదు, అతి ప్రాచీనమైన గట్టిశిల ఉన్నది. స్వీడన్‌వారిదీ అదే స్థితి. వారు లూలియోలో సుమారు 30 మీటర్ల లోతున శిలను తొలిచి, లోపల ఉక్కుపలకతో తొడుగు వేసి, 100 ఘనమీటర్ల ప్రయోగాత్మక గుహను 2022 జూన్‌లో ప్రారంభించినారు. అందులో వాయువును 250 బార్ పీడనం వరకు అణచినారు. బరువును మోసేది శిల, జారకుండా ఆపేది ఉక్కు.

శిలాగుహలలో ఇంధనం దాచడం మన ఇంజనీర్లకు తెలియని విద్య కాదు. మన ఖనిజం చేరే విశాఖపట్నంలోనే, సముద్రమట్టానికి 196 మీటర్ల దిగువన, 60,000 టన్నుల వంటగ్యాసు పట్టే గుహ 2007 నుండి ఉన్నది. చుట్టూ ఉన్న భూగర్భజలపు ఒత్తిడే అక్కడ గ్యాసును పట్టి ఉంచుతుంది. అధిక పీడనంలో ఉంచవలసిన ఉదజనికి మాత్రం తొడుగు తప్పదు. పైన చెప్పిన కర్మాగారానికి పన్నెండు గంటల రాత్రి గడవడానికి 220 టన్నులు కావాలి. 250 బార్ పీడనంలో దానికి సుమారు 13,000 ఘనమీటర్ల చోటు చాలును. ఇరవైనాలుగు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు గల గది అన్నమాట. పీడనం నిలుపుటకు ఎప్పుడూ లోపలనే ఉంచవలసిన వాయువుకు మరికొంత చోటు కలుపుకోవాలి. నిత్యం గనులలో శిలను పగులగొట్టే మనకు ఇది భయపడవలసిన పని కాదు.

భయపడవలసినది మరొకటి ఉన్నది. ఉదజనికి రంగు లేదు, వాసన లేదు. దాని మంట పగటివేళ కంటికి కనిపించదు. గాలిలో నాలుగు శాతం నుండి డెబ్బదియైదు శాతం వరకు ఎంత కలిసినా అంటుకొంటుంది. అధిక పీడనంలో ఉక్కులోనికి చొరబడి దానిని పెళుసుబారుస్తుంది. కాబట్టి తొడుగుకు ఎన్నుకొన్న ఉక్కు, అతుకుల నాణ్యత, వాయువును పసిగట్టే పరికరాలు, గాలి ఆడే ఏర్పాటు, వీటిలో దేనినీ తొందరలో విడువరాదు. మా వీధిలోని ఆ యువకునికి జొన్నలు శత్రువులు కావు. దించని దీపమే అతని ప్రాణం తీసినది.

మన దేశంలోనూ అడుగులు పడుతున్నవి. 2022లో అస్సాంలోని జోర్హాట్‌లో ఒక ప్రభుత్వరంగ సంస్థ రోజుకు పది కిలోల ఉదజని తీసే చిన్న కర్మాగారాన్ని నెలకొల్పినది. 2023 జనవరిలో కేంద్రప్రభుత్వం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ పథకాన్ని ఆమోదించి, 2030 నాటికి సంవత్సరానికి 50 లక్షల టన్నుల లక్ష్యం పెట్టుకొన్నది. ఉక్కురంగంలో ప్రయోగాలకు అందులో 455 కోట్లు కేటాయించినారు. 2025 జనవరిలో విశాఖపట్నం సమీపంలోని పూడిమడకలో ఉదజని కేంద్రానికి శంకుస్థాపన జరిగినది. మన ఖనిజం వెళ్ళే దారి చివరనే ఈ ప్రయత్నం జరగడం మనకు ఆశ కలిగించే విషయం.

పదికిలోలకు, నాలుగువందల నలభై టన్నులకు మధ్య ఎంతో దూరమున్నది. మేము పదవీవిరమణ చేసేలోగా బస్తర్ ఖనిజం ఉదజనితో ఇనుము కావడం చూస్తామన్న నమ్మకం మాకు లేదు. అయితే ఆ పని మొదలైననాడు మన యువ ఇంజనీర్లు విద్యుత్తు ఎక్కడిదని, నీరు ఎవరిదని, వాయువు జారితే ముందుగా తెలిసేది ఎవరికని అడిగి, సమాధానం వచ్చిన తరువాతనే దిగవలెనని మా మనవి.

ఆ లెక్కల కాగితం మా అమ్మాయి తనతో విశాఖపట్నం తీసికొనిపోయినది. వారం తరువాత ఉత్తరం వచ్చినది. "నాన్నా, మనము ఒక్క రాత్రికే లెక్క వేశాము. బైలాడిలాలో ఆషాఢం మొదలు భాద్రపదం వరకు మబ్బు వీడదు గదా! ఆ మూడు నెలలకు ఎంత పాతర కావాలి?" అని వ్రాసినది. మా జేజినాయన పాతర త్రవ్వినది ఒక్క రాత్రి కొరకు కాదని అప్పుడు స్ఫురించినది. ఆ లెక్క ఇంకా పూర్తి చేయలేదు. వచ్చే సెలవులకు ఆమె రాగానే కూర్చుంటాము.