తాడు లాగి చూపించిన మనిషి

మృగశిర కార్తెలో నాలుగు వానలు పడితే చాలు, నూజివీడు దగ్గర మా మామిడి తోటలో గడ్డి మోకాలి దాకా లేస్తుంది. దానికి తోడు వయ్యారిభామ. కొడవలి పట్టే మనుషులు దొరక్క ఏళ్లయింది. అందుకే మూడేళ్ల కిందట బ్రష్ కట్టర్ కొందామనుకున్నాం. టౌన్లో షాపతను చెప్పిన రేటు కంటే ఫోన్లో బాగా తక్కువ కనిపించింది. ఆర్డరు పెట్టేశాం.

ఐదో రోజుకి అట్టపెట్టె వచ్చింది. హ్యాండిల్ విడిగా, రాడ్డు విడిగా, బ్లేడు విడిగా. చీమ తలంత అక్షరాలతో ఒక ఇంగ్లీషు కాగితం. తమ్ముడు సాయంత్రమంతా కూర్చుని బిగించి, బైకులోంచి పెట్రోలు తీసి పోశాడు. అరగంట బ్రహ్మాండంగా కోసింది. తర్వాత కీచుమని ఆగింది. ఎంత లాగినా తాడు కదల్లేదు.

అది టూ స్ట్రోక్ ఇంజను. ఆయిలుకి వేరే చోటు ఉండదు, పెట్రోలులో కలిసి వచ్చిన ఆయిలే పిస్టన్‌ని తడపాలి. ఆ మాట కాగితంలో ఉంది. చెప్పే మనిషే లేడు. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, వాడకంలో తప్పుకి వారంటీ వర్తించదన్నారు. రూలు ప్రకారం అదీ నిజమే.

మిషన్ని టౌన్లో ఆ షాపుకే తీసుకెళ్లాం. అక్కడి మెకానిక్ సైలెన్సర్ విప్పి, సెల్‌ఫోన్ లైటు వేసి, "ఇటు చూడండన్నా" అన్నాడు. కంతలోంచి పిస్టన్ పక్కభాగం కనిపించింది. నున్నగా ఉండాల్సిన లోహం మీద నిలువునా గీతలు, గోటికి తగిలేంత లోతుగా. "ఆయిల్ కలపలేదు కదా?" అని మాత్రం అడిగాడు. మా దగ్గర ఎందుకు కొనలేదని అనలేదు.

రెండో మిషన్ అతని దగ్గరే కొన్నాం. ఆ రోజు గంటసేపు మమ్మల్ని కదలనివ్వలేదు. లీటరు పెట్రోలులో 40 మిల్లీలీటర్ల 2టీ ఆయిలు కొలిచి పోసి, సీసా బాగా ఊపి, "ఈ మిషన్‌కి ఇదే లెక్క" అన్నాడు. బెల్టు తమ్ముడి ఎత్తుకి సరిచేశాడు. బ్లేడు నట్టు మామూలు నట్లలా కాదని, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుందని మాచేతే విప్పించాడు. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది చెమ్మని లాగుతుంది. అందుకని సీజను కాగానే ట్యాంకు ఖాళీ చేసి, దానంతటది ఆగేదాకా నడిపి అప్పుడు మూల పెట్టమన్నాడు. ఎక్కువ ఇచ్చామనుకున్న డబ్బు ఈ గంటకే చెల్లిందని నాకు అప్పుడు తెలిసింది.

షాపులన్నీ ఇలాగే ఉంటాయని అనను. బిల్లు అడిగితే మొహం చిట్లించేవాళ్లనీ, వారంటీ కార్డు మీద ముద్ర వేయకుండా పంపేవాళ్లనీ చూశాను. దూరం నుంచి తెప్పించుకోవడమూ కొత్త కాదు. మా నాన్న తరం పేపర్లో ప్రకటన చూసి వి.పి.పి.లో రేడియోలు తెప్పించుకుంది. పోస్ట్‌మాన్ చేతిలో డబ్బు పెట్టాకే పార్సిల్ విప్పాలి. ఆ తరంతో పోలిస్తే మనకి అండ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మన జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. నైలాన్ తీగ, చేతి తొడుగులు, కళ్లద్దాలు నేను ఇప్పటికీ ఫోన్లోనే కొంటాను. వాటికి నేర్పేదేమీ లేదు. ఇంజను ఉన్నదాన్ని మాత్రం కొనను.

పోయిన జూలైలో తోట మధ్యలో మిషన్ ఐదేసి నిమిషాలకి ఆగిపోవడం మొదలుపెట్టింది. మెకానిక్‌కి ఫోన్ చేశాను. "ఇంజను దగ్గర ఫోన్ పెట్టండన్నా" అన్నాడు. తమ్ముడు తాడు లాగాడు. అది కాసేపు నడిచి, నీరసించి ఆగింది. "ట్యాంకు మూత కొంచెం వదులు చేసి లాగండి" అన్నాడు. వదులు చేస్తే బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూతకుండే సన్నటి గాలి రంధ్రం మట్టితో పూడిపోయింది. పుల్లతో తీసి, మూత బిగించి, మళ్లీ లాగాం. ఈసారి ఆగలేదు.

ఫోన్లో అతను ఇంకా వింటూనే ఉన్నాడు. "ఆఁ, ఇప్పుడు బాగుంది," అని పెట్టేశాడు.