అర అంగుళం బోల్టు

బోల్టు తల జారిపోయే క్షణం కంటి కన్నా ముందు చేతికి తెలుస్తుంది. అప్పటిదాకా బిర్రుగా ఎదురునిలిచిన ఇనుము ఉన్నట్టుండి మెత్తబడుతుంది. వదులైందేమోనని ఒక్క లిప్త ఆశపడతాం. పానా తీసి చూస్తే ఆరు మూలలూ అరిగిపోయి, తల రేగుపండులా గుండ్రంగా మెరుస్తుంటుంది.

మా నాన్నగారి అంబాసిడర్ 1978 నాటిది, మార్క్ 3. ఆయన పోయాక దాన్ని అమ్మడానికి మనసొప్పలేదు. కాకినాడ ఉప్పుగాలి నలభై ఏళ్లకు పైగా తిన్న బండి అది. వాటర్ పంపు కారుతుంటే నేనే మార్చుదామని ఒక ఆదివారం పొద్దున్నే రేడియేటర్ దించి పనిలోకి దిగాను. పంపు బోల్టులు నాలుగింటిలో మూడు వచ్చాయి. కింది మూలనున్న నాలుగోది 13 నంబరు పానాకి జారిపోయింది.

అసలు కిటుకంతా ఆ 13లో ఉంది. అంబాసిడర్ కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైనా, దాని మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. లోపలి 1489 సీసీ ఇంజను కూడా ఆ దేశపు నమూనాయే, కొలతలన్నీ అంగుళాల్లోనే. నా చేతిలో జారిన బోల్టు తల వెడల్పు సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఏ కొట్లో అడిగినా చేతికిచ్చే పానా 13. తేడా 0.3 మిల్లీమీటరు. గోరంత కూడా లేని ఆ సందులో పానా కాస్త ఒరుగుతుంది. బోల్టు చదును పక్కల్ని ఒత్తాల్సిన బలమంతా మూలల మీద పడుతుంది. వదులుగా ఉన్న బోల్టయితే ఎలాగో వచ్చేస్తుంది. పట్టేసిన బోల్టుకి ఆ కాస్త సందు చాలు, తల పోవడానికి.

పట్టెయ్యడమంటే ఏమిటో కూడా ఆ రోజే నాకు సరిగ్గా అర్థమైంది. తుప్పు ఇనుమును తినేస్తుందని అంటుంటాం. కానీ థ్రెడ్డు సందుల్లో పుట్టిన తుప్పు ముందుగా అక్కడ నిండుతుంది. తుప్పుగా మారిన ఇనుముకు మునుపటికన్నా రెట్టింపుకు మించిన చోటు కావాలి. వెంట్రుకవాసి సందులో అంత చోటెక్కడిది? అందుకే బోల్టును నలువైపుల నుంచీ నొక్కిపట్టి ఉంచుతుంది.

నాన్నగారి కాలం నుంచి ఆ బండి చూస్తున్న మేస్త్రి సాయిబుగారికి కబురు పెట్టాను. వచ్చి, వంగి, బొటనవేలితో బోల్టు తల తడిమారు.

"13 వేశారా బాబూ?"

"అవునండీ."

ఇంకేమీ అనలేదు. వైరు బ్రష్షుతో చుట్టూ శుభ్రం చేసి, చిన్న సుత్తితో బోల్టు తల మీద నిటారుగా పదిహేను దెబ్బలు వేశారు. గట్టివి కావు, తలుపు తట్టినట్టు. ఆ అదురుకే లోపలి తుప్పు బీటలిస్తుంది, నూనె దిగడానికి దారి దొరుకుతుంది. నూనె పోసి, "రేపొస్తా, అందాకా ముట్టుకోకండి" అని వెళ్లిపోయారు.

ఆ "రేపొస్తా" అన్న మాటను ఆయన పనితనం మొత్తంలో మిన్నగా ఎంచుతాను. ఇలాంటి చోట చాలామంది పానాకి ఇనుపగొట్టం తొడిగి ఊగుతారు. అది నాకు గిట్టదు. తల అరిగిన బోల్టుకి ఇంకా నాలుగు దారులుంటాయి. మెడ దగ్గర తెగిన బోల్టుకి మిగిలేది డ్రిల్లు. అక్కడ తెగిన ముక్కను బయటికి తీసే ఎక్స్‌ట్రాక్టర్ దింపితే, అది కూడా లోపలే విరిగే ప్రమాదం ఉంది. దాని ఉక్కు ఎంత గట్టిదంటే మామూలు డ్రిల్లు దాన్ని గీరలేదు. ఒక్కరోజు ఓపిక పట్టనందుకు ఇంజను బ్లాకు మెషిన్ షాపు దాకా వెళ్లాల్సి వస్తుంది.

మర్నాడు పెట్రోలు గొట్టం విప్పి దూరంగా పెట్టించాకే ఆయన మంట ముట్టించారు. బోల్టు చుట్టూ ఉన్న ఇనుమును వేడిచేసి, కొవ్వొత్తి మొనను బోల్టు మొదట్లో ఆనించారు. కరిగిన మైనం సన్నటి సందులోకి తనంతట తానే ఇంకిపోయింది. చల్లారాక ఆకురాయి తీసుకుని, తలకి ఎదురెదురు పక్కలు రెండూ నెమ్మదిగా రాయసాగారు. 12.7ని 12కి దించడమే లెక్క. మధ్యమధ్య పానా ఆనించి చూస్తూ, ఇంకాస్త రాస్తూ, చివరికి 12 పానాను సుత్తితో తట్టి ఎక్కించేంత బిగువు దగ్గర ఆగారు. విజయవాడ ఆటోనగర్‌లో అయితే అరిగిన తల మీద నట్టు పెట్టి వెల్డింగు చేసేవాళ్లని, అదీ మంచి పద్ధతేనని, పట్టూ వేడీ ఒకేసారి దొరుకుతాయని రాస్తూనే చెప్పారు.

పానా ఎక్కాక ముందు బిగించే వైపు తిప్పారు, రవ్వంత. తర్వాత విప్పే వైపు. కీచుమంది. ఆ చప్పుడుకి ఆయన ఆగిపోయి మళ్లీ నూనె వేశారు. ముందుకు పావు చుట్టు, వెనక్కి అర చుట్టు, అలా ఇరవై నిమిషాలు. బోల్టు చేతిలోకి వచ్చేసరికి థ్రెడ్డంతా ఇటికపొడిలా ఎర్రటి తుప్పు.

కొత్త బోల్టు పాత సామాన్ల కొట్లో దొరికింది. రంధ్రంలో థ్రెడ్డు కోసే ట్యాపు తిప్పి శుభ్రం చేశాక, ఆయన బోల్టుకి వేలితో గ్రీజు పూస్తున్నారు.

"కొత్తదే కదండీ, గ్రీజెందుకు?"

"మళ్లీ ఎవరో ఒకరు విప్పాలి కదా బాబూ."

మొదటి మూడు చుట్లూ వేళ్లతోనే తిప్పి, నా వైపు చూడకుండానే చెయ్యి చాచారు. ఆయన సంచిలోంచి అర అంగుళం పానా తీసి అందించాను.