చోరులు కోరని వాద్యం

విద్యాధనాన్ని చోరులు హరింపజాలరని పెద్దలు బోధించారు. అది సత్యమే. అయితే విద్య హృదయంలో స్థిరపడడానికి సాధన కావాలి. సాధనకు ఉపకరణం కావాలి. ఆ ఉపకరణాన్ని చోరులు నిశ్చయంగా హరింపగలరు. ఈ సూక్ష్మాన్ని గ్రహించిన ఒక సంగీత గురువు దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశంలో ఉన్నాడు.

ఆ దేశ రాజధాని అసున్సియోన్ నగరపు చెత్త కతేవురా అనే చోటికి చేరుతుంది. ఆ గుట్టలలో అమ్ముడుపోయే వస్తువులను ఏరుకొని జీవించే కుటుంబాలు అక్కడ నివసిస్తాయి. ఫావియో చావెస్ చెత్త నిర్వహణకు సంబంధించిన ఉద్యోగంపై అక్కడికి వెళ్లాడు. సంగీతజ్ఞుడు కూడా కావడంతో, 2006 ప్రాంతంలో ఆ ఏరుకొనేవారి పిల్లలకు సంగీతం నేర్పడం ఆరంభించాడు. అది అతని ఉద్యోగధర్మం కాదు, స్వధర్మంగా స్వీకరించిన సేవ.

శిష్యులు పెరిగారు; వాద్యాలు చాలలేదు. అంతకంటే క్లిష్టమైన చిక్కు మరొకటి ఎదురైంది. అక్కడ మంచి వయొలిన్ వెల ఒక ఇంటి వెలను మించుతుంది. దానిని బాలుని చేతికిచ్చి ఇంటికి పంపితే దొంగల భయం. ఆకలిగొన్న ఇంట అది అమ్ముడుపోయే భయం. గురువు తన వద్దనే దాచితే నిత్యసాధన ఎట్లు?

చెత్త ఏరుకొని జీవించే నికోలాస్ గోమెస్‌కు వడ్రంగం తెలుసు. అతని చేతిలో నూనె డబ్బా చెల్లోగా మారింది. పారవేసిన గొట్టాలు ఊదు వాద్యాలయ్యాయి. సీసా మూతలు వాటికి మీటలయ్యాయి. వీటికి అంగడిలో వెల లేదు. కనుక దొంగ కోరడు, దారిద్ర్యం అమ్మదు. మూల్యరాహిత్యమే వాటికి రక్షాకవచమైంది.

చెత్తనుండి పుట్టిన వాద్యంలో పవిత్రత ఎక్కడిదని ఆచారపరులు శంకించవచ్చు. మృదంగానికి బిగించినది మృతపశువు చర్మమే. శంఖం ఒక సముద్రజీవి పెంకే. అయినా అవి భగవత్సన్నిధిలో మ్రోగుతున్నాయి. ద్రవ్యం ఎక్కడిదైనా, వినియోగం దానిని పావనం చేస్తుంది.

ప్రత్యుపకారం చేయలేనివారికి, దేశకాలపాత్రాలు ఎరిగి ఇచ్చేది సాత్త్విక దానమని గీతాచార్యుని ఉపదేశం. పాత్రత ఎరగడమంటే గ్రహీత యోగ్యతను పరీక్షించడం మాత్రమే కాదు. ఇచ్చినది అతని వద్ద నిలిచే మార్గాన్ని ఆలోచించడం కూడా. చావెస్ చేసినది అదే.

మన ఇండ్లలో ముసుగు కప్పిన వీణలు ఎన్నో ఉన్నాయి. వాటిని ఏ దొంగా ముట్టలేదు. అయినా అవి మ్రోగడం లేదు. నేర్చిన విద్యను ఒక్క బీద బాలునికైనా అందించేవరకు ఆ ముసుగు తొలగినట్లు కాదు.

స్వస్తి.