వీడ్కోలు కానుక

పై యధికారి పదవీవిరమణ చేయుచున్నాడనగానే మన కార్యాలయములలో మొట్టమొదట తిరుగునది చందాకాగితము. అందు పేర్లన్నియు ముందే వ్రాయబడి యుండును. పేరు చివర అంకె వేయుటయే మనకు మిగిలిన స్వాతంత్ర్యము. అదియు మొదటివాడు వేసిన యంకెకు తగ్గరాదు. ఆ సొమ్ము శాలువగను, గోడగడియారముగను మాఱును. మే మెఱిగిన విశ్రాంతోపాధ్యాయు డొకని యింట నిట్టి గడియారములు నాలుగున్నవి. నాలుగును నాలుగు వేళలు చూపుచుండును.

మా ప్రధానోపాధ్యాయులు గడచిన యేప్రిలులో విరమించిరి. ఆంధ్రప్రదేశమున నుద్యోగుల విరమణవయస్సు 2014లో 58 నుండి 60కిని, 2022లో 62కిని పెరుగుటచే, ఈయన యెన్నటికి కదలునో యని గొణిగినవారును మాలో లేకపోలేదు. చందాకాగితముపై వారి యంకెలు మిక్కిలి చిన్నవి. “పోవువానికి పెట్టిన నేమి వచ్చును?” అని యొకరు పైకే యనిరి. ప్రత్యుపకారము చేయనివానికి, ఈయదగినదను బుద్ధితో నిచ్చునదే సాత్త్వికదానమని భగవద్గీత పదునేడవ యధ్యాయము చెప్పుచున్నది. ఆ లెక్కను, వచ్చెడి యధికారికి వేయు పూలదండకంటె పోయెడి యధికారి కిచ్చు గవ్వయే మిన్న. ఈ మాట మా మిత్రునకు రుచింపలేదు.

ఇంతకంటె పెద్ద చిక్కు వేఱొకటి వచ్చినది. మా అటెండరు పేరు చివర నెవరో 500 రూపాయలు వేసిరి. అతడు చూచి, కాగితము మడిచి బల్లపై నుంచెను, కాదనలేదు. కాదనజాలని చోట నిచ్చినది కానుక యెట్లగును? కప్పమగును. వీడ్కోలు విందునకై చందా యిమ్మని యే యుద్యోగిపైనను ఒత్తిడి చేయరాదనియు, పైతరగతివారి కొఱకు మూడవ, నాల్గవ తరగతులవారి వద్ద వసూలు చేయనే రాదనియు 1964 నాటి కేంద్రోద్యోగుల ప్రవర్తననియమములలో 14వ దాని క్రింద గలదు. అది కేంద్రోద్యోగులకు గదా యనిరి. కావచ్చును, న్యాయము మాత్ర మందఱిదియు గాదా? ఆ యంకెను కొట్టివేయించితిమి.

ఇక నేమి యీయవలెను? 1921లో రాధాకృష్ణపండితుడు మైసూరు విడిచి కలకత్తాకు పోవునపుడు, విద్యార్థులు ఆయన బండిని తామే లాగి రైలుస్టేషనుకు చేర్చిరి. దానికి రసీదు లేదు. మా సభలో వెండిపళ్లెము, కొండపల్లిబొమ్మలు, మంగళగిరిపంచెలు చర్చకు వచ్చినవి. నేతగాని చేతికి నాలుగు డబ్బులు చేరును గనుక పంచెలు మాకు సమ్మతమే. కాని ఆయనకు నిజముగ నేమి కావలెనో, పదేండ్లు ఎదుటి కుర్చీలలో కూర్చున్న మాలో నెవరికిని తెలియలేదు. తెలిసినది అటెండరునకు.

“సారుకి ఈ మధ్య పేర్లు గుర్తుండట్లేదండి. ఆయన తెచ్చిన పిల్లల పేర్లు చీటీ రాసి జేబులో పెట్టుకుంటున్నారు” అని యతడనెను.

తెచ్చిన పిల్లలనగా, చదువు మానిపించి యింట కూర్చుండబెట్టిన బాలికలు. ఆయన సాయంకాలము సైకిలెక్కి వారి గుమ్మములకు పోయెడివారు. పెండ్లి కుదిరిన యిండ్లకు సైతము పోయి, పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయుట నేరమని 2006 నాటి చట్టము సంగతి చెప్పి, తిట్లు తిని వచ్చెడివారు.

పాత హాజరుపట్టీలు దులిపితిమి. ముప్పదియొక్క మంది చిరునామాలు దొరికినవి. గట్టి అట్టవేసిన యొక లెక్కలపుస్తకమున నొక్కొక్కరికి నొక్కొక్క పుట. పైన పేరు పెద్దయక్షరములతో. ఒకతె నర్సు, ఒకతె బస్సు కండక్టరు. ఒకతె మాత్రము మూడు వాక్యములే వ్రాసినది: “మీరు మా యింటికి వచ్చిన రోజు మా నాన్న కుక్కను వదిలినాడు. క్షమించండి. నాకు ఆ నెలలోనే పెండ్లి చేసినారు.” ఈ పుట యుంచవలెనా, తీయవలెనా యని మాలో రెండు దినములు వాదము జరిగినది. ఉంచితిమి.

సభలో ఆయన శాలువ కప్పించుకొని, పుస్తకమును తెఱవక సైకిలు వెనుక కట్టుకొని పోయిరి. నాల్గవనాడు మాకు ఫోను చేసి, కుక్క సంగతి వ్రాసిన పిల్ల యిప్పు డే యూర నున్నదని యడిగిరి.