పిట్టగోడ ఎవరు కట్టాలి?



పెద్దవాళ్లు ఇంట్లో జారిపడితే ఆ సంగతి వాళ్లు చెప్పరు. ప్రార్థనకు వెళ్లినప్పుడు మోచేతి మీద కమిలిన మచ్చ చూసి నేనే అడగాలి. ఒక అమ్మగారైతే నన్ను బతిమాలారు: "మావాడికి చెప్పకండి అయ్యగారూ. తెలిస్తే ఇక మందిరానికి కూడా రానివ్వడు."

ఆమె భయం ఉత్తది కాదు. కానీ ఒకసారి పడినవారు మళ్లీ పడే ప్రమాదం ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా సుమారు 6,84,000 మంది ఇలా పడి చనిపోతున్నారు. వారిలో 60 ఏళ్లు దాటినవారే ఎక్కువ.

"వయసైపోయింది, దేవుని చిత్తం" అని మనం సరిపెట్టుకుంటాం. నేను ఒప్పుకోను. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం చూడండి. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలి. లేకపోతే ఎవరైనా పడితే ఆ దోషం ఇంటి మీదికి వస్తుంది. పడినవాడు చూసుకోవాల్సింది అని అక్కడ లేదు!

మన మిద్దెలకు పిట్టగోడలు ఉన్నాయి. బాత్రూంలో మాత్రం పాకుడు, పట్టుకోవడానికి ఏమీ లేని నున్నటి గోడ. రాత్రి దొడ్లోకి వెళ్లే దారిలో చీకటి. అరిగిపోయిన హవాయి చెప్పులు. నాన్న కంట్లో శుక్లాలు, "పంట చేతికొచ్చాక చూద్దాం" అంటూ వాయిదా. బీపీ, నిద్ర మాత్రలు వాడేవారికి లేవగానే కళ్లు తిరుగుతుంటే డాక్టరుకు చెప్పాలి, సొంతంగా మాత్ర మానకూడదు. మంచం మీద కాసేపు కూర్చుని, ఆ తర్వాతే లేవాలి.

బిడ్డలారా, మీకొక మాట. ప్రేమతోనే అయినా "కదలకుండా కూర్చోమ్మా" అనకండి. కూర్చునే కొద్దీ కాళ్లలో బలం పోతుంది, పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. గట్టి కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజూ కొన్నిసార్లు చేయించండి, పక్కన మీరు నిలబడి. మందిరానికి నడిపించుకుని రండి. మాన్పించకండి.

చాప మీద నుంచి లేవడం కష్టమైనవారికి ఇకనుంచి కుర్చీలు వేయిస్తాం. ప్రార్థనకు వారు లేచి నిలబడనక్కర్లేదు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక యవ్వనస్థులు మందిరం మెట్ల పక్కన ఇనుప పైపు బిగిస్తారు. ఎవరి దగ్గరైనా డ్రిల్లింగ్ మిషను ఉంటే తీసుకురండి.