భుజం నొప్పి మీద పీహెచ్‌డీ

ఆక్స్‌ఫర్డ్‌లో మస్క్యులోస్కెలెటల్ సైన్సెస్‌లో డీఫిల్‌కి అప్లై చేస్తున్నా. డీఫిల్ అంటే వాళ్ల పీహెచ్‌డీయే. ఎముకలు, కీళ్లు, కండరాల మీద పరిశోధన.

అమలాపురంలో నా ఫిజియోథెరపీ టేబుల్ మీదికి వచ్చే దింపు కార్మికులకి ఎక్కువగా భుజాలు, మోకాళ్ల బాధలే. నొప్పి కాస్త తగ్గగానే మళ్లీ కొబ్బరిచెట్టు ఎక్కేస్తారు. ఎన్నేళ్లు ఎక్కితే ఏ కీలు ఎంత దెబ్బతింటుందో తేల్చాలని నా కోరిక. ప్రపోజల్‌లో అదే రాశా.

రుమటాయిడ్ కీళ్లవాతానికి ఇవాళ డాక్టర్లు ముందుగా రాసే మెథోట్రెక్సేట్, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం క్యాన్సర్ కోసం చేసిన కృషిలోంచి వచ్చిందే. ఆయన హార్వర్డ్ పీహెచ్‌డీ 1930లో. గోదావరి నీళ్లు తాగినవాళ్లకి కీళ్ల సైన్సు కొత్తేం కాదన్నమాట!

స్కాలర్‌షిప్పుల సంగతి తెలిసినవాళ్లు ఇన్‌బాక్స్‌కి రండి బాబూ.